ఖుర్ఆన్ తెలుగు తర్జుమా సమీక్షకు సొంత వెబ్లేట్ సర్వర్ (డాకర్‌లో): సాయం కావాలి

#1 రఫీ_కర్నూలు
అందరికీ నమస్కారం, సలాం.

మా దగ్గర కొంతమంది ఆలింలు (మత పండితులు), ఇద్దరు తెలుగు మాస్టార్లు కలిసి ఖుర్ఆన్‌కు కొత్త తెలుగు తర్జుమా రాశారు. అచ్చుకు పోకముందే బయటివాళ్ల చేత కూడా చదివించి తప్పులు పట్టించాలని వాళ్ల ఆలోచన. ఇప్పుడు ఆ పనంతా వాట్సాప్‌లో నడుస్తోంది. ఒకాయన ప్రింటవుట్ మీద ఎర్రపెన్నుతో సున్నా చుట్టి ఫొటో పెడతాడు, ఇంకొకాయన పొడుగాటి వాయిస్ మెసేజ్ పెడతాడు. ఏ ఆయత్‌లో (వాక్యంలో) ఏం మార్చారో వారం తిరిగేసరికి ఎవరికీ తెలీదు.

అందుకని వెబ్లేట్ పెడదామనుకున్నా. సాఫ్ట్‌వేర్ అనువాదాలకు వాడేదే. కానీ మూలం పక్కన అనువాదం, కింద సూచనలు, ఎవరు ఎప్పుడు మార్చారన్న చరిత్ర, మాకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. దాని అధికారిక డాకర్ కంపోజ్ రెపో క్లోన్ చేశా (డాకర్ అంటే ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపేది). ఉబుంటు, 2 జీబీ ర్యామ్ వీపీఎస్ (అద్దె సర్వర్). పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), క్యాష్ కంటైనర్లు బాగానే లేస్తున్నాయి. వెబ్లేట్ కంటైనర్ మాత్రం కాసేపుండి పడిపోతోంది, ఎగ్జిట్ కోడ్ 137. ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ మార్చాక ఇంకోటి మొదలైంది: ‘పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్ వెబ్లేట్’. ఫైల్లో ఉన్న పాస్‌వర్డ్ సరైనదే, మళ్లీ మళ్లీ చూశా.

#2 శిరీష_ఆప్స్
రెండూ వేర్వేరు సమస్యలు రఫీ గారూ.

137 అంటే 128 + 9. కెర్నల్ ప్రాసెస్‌ను కిల్ చేసింది, దాదాపు ఎప్పుడూ ర్యామ్ చాలకే. ‘డీమెసేజ్’ కమాండ్ కొట్టి చూడండి, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ లైను కనిపిస్తుంది. వెబ్లేట్ డాక్యుమెంటేషన్‌లోనే కనీసం 3 జీబీ ర్యామ్, 2 కోర్లు అని రాసుంది. వెనకాల సెలరీ వర్కర్లు చాలా నడుస్తాయి, అవే తింటాయి. 4 జీబీకి మారండి. అప్పటిదాకా 2 జీబీ స్వాప్ ఇచ్చి, సెలరీ_సింగిల్_ప్రాసెస్ = 1 పెట్టండి. నిదానంగానైనా లేస్తుంది. (వేరియబుల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఫైల్లో ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండాలి.)

ఇక పాస్‌వర్డ్. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఆ వేరియబుల్‌ను డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు, అంటే మొట్టమొదటిసారి మాత్రమే చదువుతుంది. తర్వాత ఫైల్లో ఏం మార్చినా డేటాబేస్‌కు పట్టదు. వాల్యూమ్‌లో (కంటైనర్ డేటా దాచే చోట) పాత పాస్‌వర్డ్ ఉంది, వెబ్లేట్ కొత్తది పట్టుకొచ్చి తలుపు కొడుతోంది. ఇంకా డేటా ఏమీ ఎక్కించలేదు కాబట్టి ‘డాకర్ కంపోజ్ డౌన్ మైనస్ వీ’ కొట్టి మొదట్నుంచి లేపండి.

ఆ ‘మైనస్ వీ’ ఈ ఒక్కసారికే. డేటా ఎక్కాక అది కొడితే వాల్యూమ్‌లన్నీ పోతాయి. అప్పుడు పాస్‌వర్డ్ మార్చాలంటే డేటాబేస్ కంటైనర్లోకి దిగి ‘ఆల్టర్ యూజర్’ తో మార్చాలి.

#3 సుబ్బు_సర్వర్
ఇంత తతంగం ఎందుకండీ బాబూ, ఒక గూగుల్ షీటు తెరిచి అరబీ ఒక వరస, తెలుగు ఒక వరస పెట్టేస్తే పోయేది కదా? సర్వరూ వద్దు, సెలరీ వద్దు.

#4 రఫీ_కర్నూలు
శిరీష మేడమ్, లేచింది! 4 జీబీకి మార్చా. అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి లాగ్‌లోనే వచ్చింది, లాగిన్ అయ్యా.

సుబ్బు అన్నా, షీటు కూడా నడిపి చూశాం. 6236 వరసలు. ఫోన్‌లో తెరిస్తే స్క్రోల్ చేయడానికే ప్రాణం పోతుంది. పైగా ఎవరి వేలో తగిలి అరబీ గడిలో ఒక అక్షరం చెరిగితే పట్టుకునేదెవరు? మా మౌలానా గారికి ఉన్న భయమంతా అదే. తెలుగు తప్పు పోతే దిద్దుకోవచ్చు, అరబీ ముట్టుకునే వీలు మాత్రం ఎవరికీ ఉండకూడదు అంటారు.

#5 సుబ్బు_సర్వర్
అది న్యాయమైన మాటే. షీటు మాట వెనక్కి తీసుకుంటున్నా.

#6 జాకిర్_డల్లాస్
సలాం రఫీ భాయ్. ఖుర్ఆన్ యాప్‌ల మీద కొన్నేళ్లుగా పని చేస్తున్నా, మీకు ముందు ముందు తగిలే రాళ్లు చెప్తా.

అరబీ మూలం ఎక్కడ తీసుకున్నారు? తంజీల్ నుంచి అయితే మంచిదే. 2007లో మొదలైన ప్రాజెక్టు, టెక్స్ట్‌ను జాగ్రత్తగా సరిచూసి ఇస్తారు. షరతులున్నాయి: వాళ్ల టెక్స్ట్‌ను మార్చకూడదు, ఎక్కడి నుంచి తీసుకున్నదీ చెప్పాలి. కానీ మామూలు టెక్స్ట్ ఫైలు తీసుకుంటే ఒక తంటా ఉంది. అందులో 1, 9 సూరాలు (అధ్యాయాలు) తప్ప మిగతా 112 సూరాల్లోనూ మొదటి ఆయత్ ముందు బిస్మిల్లాహ్ (‘అల్లాహ్ పేరుతో’ అనే ప్రారంభ వాక్యం) అతికించి ఉంటుంది. మీ తెలుగు ఫైల్లో ఉండదు. సమీక్షకు కూర్చున్నవాళ్లు 112 చోట్ల ‘బిస్మిల్లాహ్ తర్జుమా వదిలేశారు’ అని సూచన పెడతారు, రాసిపెట్టుకోండి.

సరే, స్క్రిప్టుతో కత్తిరిద్దామని ఒకే స్ట్రింగ్‌ను వెతికితే 95, 97 సూరాల దగ్గర దొరకదు. ఆ రెండింటిలో బా అక్షరం మీద షద్దా (ద్విత్వం గుర్తు) ఉంటుంది. ముందు సూరాలు 94, 96 బా అక్షరంతోనే ముగుస్తాయి, కలిపి చదివితే రెండు బాలు కలిసిపోతాయి కదా, దానికి గుర్తు అది. ఉథ్మానీ (ఒక అరబీ రాత పద్ధతి) టెక్స్ట్‌లో ఇది చూడక తల పట్టుకున్న ప్రోగ్రామర్లు చాలామంది.

దారి సులువే. టెక్స్ట్ ఫైలు బదులు ఎక్స్‌ఎంఎల్ తీసుకోండి. అందులో బిస్మిల్లాహ్ వేరే యాట్రిబ్యూట్‌గా వస్తుంది, కత్తిరించే పనే లేదు.

#7 రఫీ_కర్నూలు
జజాకల్లాహ్ జాకిర్ భాయ్. టెక్స్ట్ ఫైలే దించా, ఇప్పుడే ఎక్స్‌ఎంఎల్ దించుతున్నా. పీవో ఫైలుగా (మూలం, అనువాదం జంటలుగా ఉండే ఫార్మాట్) మార్చే పైథాన్ స్క్రిప్టు సగం రాశా: అరబీని మెసేజ్ ఐడీగా, తెలుగును మెసేజ్ స్ట్రింగ్‌గా పెడుతున్నా. సూరా రహ్మాన్ దగ్గర ఏదో తేడా కొడుతోంది, తెరమీద ఆయత్‌లు తక్కువ కనిపిస్తున్నాయి.

#8 జాకిర్_డల్లాస్
మెసేజ్ కాంటెక్స్ట్ పెట్టలేదు, అవునా?

రహ్మాన్, అంటే 55వ సూరాలో 78 ఆయత్‌లు. అందులో ‘ఫబిఅయ్యి ఆలాఇ రబ్బికుమా తుకజ్జిబాన్’ 31 సార్లు వస్తుంది. పీవో ఫార్మాట్‌లో ఒక వాక్యాన్ని గుర్తుపట్టేది మూల వాక్యం, దాని కాంటెక్స్ట్, ఈ రెండింటితోనే. కాంటెక్స్ట్ లేకపోతే ఆ 31 ఒకటే ఎంట్రీ. 77వ సూరా ముర్సలాత్‌లో ఇంకో ఆయత్ 10 సార్లు ఉంది, అక్కడా ఇదే. ‘అలిఫ్ లామ్ మీమ్’ ఆరు సూరాల మొదట ఉంటుంది, అన్నీ ఒకే ఫైల్లో పెడితే అవీ ఒకటైపోతాయి.

ప్రతి ఎంట్రీకి కాంటెక్స్ట్‌గా సూరా:ఆయత్ పెట్టండి. 55:13, 55:16, అలా. స్క్రిప్టు చివర మొత్తం ఎంట్రీలు లెక్కించి 6236 రాకపోతే ఆగిపోయేలా రాయండి. ఆ లెక్క కూఫా పద్ధతిది (ఆయత్‌లు లెక్కపెట్టే పద్ధతుల్లో ఒకటి), మన దగ్గర ముస్హఫ్‌లు (ఖుర్ఆన్ ప్రతులు) కూడా దాన్నే పాటిస్తాయి.

#9 ఉమ_యూనికోడ్
పైథాన్ స్క్రిప్టు అన్నారు కాబట్టి అడుగుతున్నా. అందులో యూనికోడ్ నార్మలైజేషన్ ఏమైనా పెట్టారా? ఎన్‌ఎఫ్‌సీ లాంటిది?

తెలుగుకు అది పెట్టాల్సిందే. ఐత్వం రెండు రకాలుగా ఎన్‌కోడ్ కావచ్చు: ఒకే కోడ్ పాయింటుగా ఒకటి, ఎత్వమూ దాని కింద ఇంకో గుర్తూ కలిపి రెండుగా ఒకటి. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, సెర్చ్‌లో మాత్రం దొరకవు. ఎన్‌ఎఫ్‌సీ రెండింటినీ ఒకటి చేస్తుంది.

అరబీకి మాత్రం పెట్టొద్దు. షద్దాతోపాటు ఫత్హా (అకారం గుర్తు) ఉన్నచోట నార్మలైజేషన్ వాటి వరుస మార్చేస్తుంది. ఫత్హాకు కంబైనింగ్ క్లాస్ (గుర్తుల వరుస తేల్చే అంకె) 30, షద్దాకు 33. చిన్న అంకె ముందుకొస్తుంది కాబట్టి షద్దా ముందు ఉన్న మూలంలో ఫత్హా ముందుకు జరుగుతుంది. కంటికి తేడా కనపడకపోవచ్చు, కానీ బైట్లు మారిపోతాయి. తంజీల్ టెక్స్ట్‌తో పోల్చి చూస్తే వేల చోట్ల తేడా చూపిస్తుంది. అరబీ ఒక్క అక్షరం ముట్టుకోకూడదన్న మీ మౌలానా గారి షరతు ఇక్కడే, ఎవరూ మీట నొక్కకుండానే తప్పుతుంది.

నేనైతే ఇలా చేస్తా: అరబీని చదివింది చదివినట్టే రాసేయడం, తెలుగు వరసకు మాత్రమే ఎన్‌ఎఫ్‌సీ. తర్వాత రోజూ రాత్రి ఒక క్రాన్ (టైముకు దానంతటదే నడిచే పని) పెట్టి, పీవో ఫైళ్ల నుంచి అరబీ మాత్రం తీసి దాని షా-256 హ్యాష్‌ను (టెక్స్ట్‌కు వేలిముద్ర లాంటి కోడ్) మొదటి రోజు హ్యాష్‌తో పోల్చడం. తేడా వస్తే మెయిల్.

ఇంకొక్క మాట. ‘కనపడని అక్షరాలు తీసేయడం’ అని చాలామంది స్క్రిప్టుల్లో ఒక ఫంక్షన్ ఉంటుంది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనపడని గుర్తు) కూడా ఊడ్చేస్తుంది. మీ అనువాదంలో ‘ఇబ్రాహీమ్‌కు’, ‘నూహ్‌తో’ లాంటివి వందల్లో ఉంటాయి. అది పోతే ‘ఇబ్రాహీమ్కు’ అని మకు కింద కావత్తు పడి కూర్చుంటుంది. ఆ ఫంక్షన్ ఉంటే తీసేయండి.

#10 రఫీ_కర్నూలు
ఉమ గారూ, ఫైలు మొత్తానికీ నార్మలైజ్ చేసే లైను ఉంది, నెట్‌లో దొరికిన స్క్రిప్టులోనే ఉండింది. తీసేసి తెలుగుకు మాత్రం పెట్టా. హ్యాష్ సంగతి మౌలానా గారికి వివరించా. ‘ఒక్క జేర్, జబర్ మారినా తెలుస్తుందా?’ (ఇకార, అకార గుర్తులు) అని రెండుసార్లు అడిగారు. తెలుస్తుందన్నా. ఆయన మొహంలో మొదటిసారి నమ్మకం చూశా.

ఇప్పుడు ఎలా విడగొట్టాలన్నది ప్రశ్న. సూరాకొకటి చొప్పున 114 కాంపొనెంట్లా (వెబ్లేట్‌లో విడి విభాగాలు), అంతా ఒకటేనా?

#11 శిరీష_ఆప్స్
114 ఫైళ్లు, 001 నుంచి 114 దాకా మూడంకెల పేర్లు. లేకపోతే 1 తర్వాత 10, 100 వస్తాయి. ‘కాంపొనెంట్ డిస్కవరీ’ యాడ్ఆన్‌కు ఫైలు పేరు నమూనా ఇస్తే మిగతావి అదే పుట్టిస్తుంది, గిట్ రెపో ఒక్కసారే క్లోన్ అవుతుంది. సూరావారీగా ఎంత శాతం అయిందో కనిపిస్తుంది.

#12 తాజ్_పాలమూరు
శిరీష మేడమ్ చెప్పింది కంప్యూటర్‌కు బాగుంటది గాని మనుషులకు కాదు. బఖరా సూరల 286 ఆయత్‌లు, కౌసర్ సూరల మూడు. ఒకాయనకు బఖరా ఇచ్చి ఇంకొకాయనకు కౌసర్ ఇస్తరా? మన ఇండ్లల్ల ఖుర్ఆన్ ఖానీ (అందరు కలిసి ఖుర్ఆన్ చదువుడు) అయితే పారాలు (ఖుర్ఆన్ల ముప్పై భాగాలు) పంచుతరు గదా, 30 మందికి 30 పారాలు. చదివేటోళ్లకు అదే అలవాటు. నీకు అమ్మ పారా (30వది), నాకు తబారకల్లజీ (29వది) అంటే చిన్న పోరనికి కూడ తెలుస్తది. పారావారీగ పెట్టు రఫీ భాయ్.

#13 శిరీష_ఆప్స్
తాజ్ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. అయితే పారా చాలాచోట్ల సూరా మధ్యలో మొదలవుతుంది. ఫైళ్లే పారావారీగా చేస్తే ఒక సూరా మూడు ఫైళ్లలోకి పోతుంది, ముందు వెనకలు చూసుకోవడం కష్టం. వెబ్లేట్‌లో లేబుళ్లున్నాయి. ఫైళ్లు సూరావారీగా ఉంచి, ప్రతి ఆయత్‌కూ ‘పారా 01’ నుంచి ‘పారా 30’ దాకా లేబుల్ తగిలిస్తే సరి. బల్క్ ఎడిట్‌తో పని అయిపోతుంది. తర్వాత ఎవరి పారా సెర్చ్ లింకు వాళ్లకు పంపొచ్చు.

#14 తాజ్_పాలమూరు
గట్లయితే ఓకే. వాట్సాప్‌ల లింకు పంపితే సీదా పారా తెరుచుకోవాలె, గంతే.

మా దిక్కు ఆలింలు కొందరు తెలుగు నిదానంగ చదువుతరు. ఉర్దూ పక్కన కనిపిస్తే సమీక్ష జల్దీ అయితది.

#15 జాకిర్_డల్లాస్
ఉర్దూను కూడా ఇంకో భాషగా అదే కాంపొనెంట్‌లోకి ఎక్కించి, వాళ్ల ప్రొఫైల్‌లో సెకండరీ లాంగ్వేజ్‌గా ఉర్దూ పెట్టుకోమనండి, మూలం పక్కనే కనిపిస్తుంది. ఆ ఉర్దూ తర్జుమా హక్కులు ఎవరివో మాత్రం చూసుకోండి.

ఇంకోటి, మొదటిరోజే హెచ్చరికలు వేలల్లో చూసి బెదిరిపోవద్దు. అరబీ ఆయత్ చివర ఫుల్‌స్టాప్ ఉండదు, తెలుగు వాక్యం చివర ఉంటుంది. వెబ్లేట్ ప్రతిదానికీ ‘ఫుల్‌స్టాప్ సరిపోలలేదు’ అంటుంది. కాంపొనెంట్ సెట్టింగుల్లో ఇగ్నోర్-ఎండ్-స్టాప్ ఫ్లాగ్ పెట్టండి. దేవుని దయవల్ల అసలు పనికొచ్చే హెచ్చరికలు అప్పుడు కనబడతాయి. ఆ 31 చోట్లా తెలుగు ఒకేలా ఉందో లేదో మాత్రం ఆ వాక్యాన్ని సెర్చ్ చేసి మీరే చూసుకోండి.

#16 సుబ్బు_సర్వర్
సూచనలకు ఓట్లు వేసే సదుపాయం ఉందటగా. పది ఓట్లొస్తే దానంతటదే ఒప్పుకునేలా పెడితే మౌలానా గారికి పని తగ్గుతుంది కదా?

#17 తాజ్_పాలమూరు
వద్దన్నా. ఓట్లు ఏసి తర్జుమా తేల్చుడు ఎక్కడిది? పదిమంది దోస్తులు కూడబలుక్కొని ఓటేస్తే అయిపోతదా?

#18 శిరీష_ఆప్స్
ఆటో-యాక్సెప్ట్ విలువ సున్నా ఉంచితే ఓట్లు పడ్డా ఏదీ తనంతట మారదు. ఓటింగ్ మాత్రం ఉంచండి. ఎక్కువమందికి ఏ ఆయత్ తెలుగు అర్థం కావడం లేదో తెలుస్తుంది, సమీక్షకులు ముందు వాటిని చూసుకుంటారు. ప్రాజెక్టులో ‘రివ్యూ’ ఆన్ చేసి, ఆలింలను మాత్రమే రివ్యూ గ్రూపులో పెట్టండి. వాళ్లు ‘అప్రూవ్డ్’ అన్నాక మిగతావాళ్లు ఆ ఆయత్‌ను మార్చలేరు, సూచన మాత్రం పెట్టగలరు.

తెలుగు మాస్టార్లకు ఏ హక్కులివ్వాలో మీరే తేల్చుకోండి. నా లెక్కలో వాళ్లకూ అప్రూవల్ ఉండాలి. అరబీ అర్థం సరిగ్గా ఉండి తెలుగు వాక్యం నడవకపోతే ఎవరు చదువుతారు?

#19 రఫీ_కర్నూలు
ఆ మాట మీద నిన్న రాత్రి ఇక్కడ పెద్ద వాదనే జరిగింది. చివరికి మాస్టార్లు ముందు చూసి మార్చడం, ఆఖరి అప్రూవల్ ఆలింలది అని తేలింది. నాకు మీ మాటే నచ్చింది గాని నిర్ణయం వాళ్లది.

ఇప్పుడు డొమైన్ తగిలించా. సైటు వస్తోంది, లాగిన్ కొడితే 403, సీఎస్‌ఆర్‌ఎఫ్ (నకిలీ రిక్వెస్టులను ఆపే చెక్) అంటోంది. వెబ్లేట్ ముందు క్యాడీ (బయటి రిక్వెస్టులు అందుకొని లోపలికి పంపే ప్రాక్సీ) పెట్టా.

#20 శిరీష_ఆప్స్
క్యాడీ దాకా హెచ్‌టీటీపీఎస్, అక్కడి నుంచి కంటైనర్‌కు మామూలు హెచ్‌టీటీపీ. లోపలున్న జాంగోకు (వెబ్లేట్ నడిచే ఫ్రేమ్‌వర్క్) బయట హెచ్‌టీటీపీఎస్ అని తెలియడం లేదు. వెబ్లేట్_ఎనేబుల్_హెచ్‌టీటీపీఎస్ = 1 పెట్టి, సైట్_డొమైన్‌లో అసలు డొమైన్ పేరు సరిగ్గా ఉందో చూడండి. సెక్యూర్_ప్రాక్సీ_ఎస్‌ఎస్‌ఎల్_హెడర్ కూడా ఇవ్వాలి, విలువ డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఫైలు మార్చాక ‘రీస్టార్ట్’ సరిపోదు, మళ్లీ ‘అప్ మైనస్ డీ’ కొడితేనే కొత్త వేరియబుళ్లు కంటైనర్లోకి వెళ్తాయి.

మీ ఓవర్‌రైడ్ ఫైల్లో పోర్టులు ఎలా రాశారు?

#21 రఫీ_కర్నూలు
8080:8080. యూఎఫ్‌డబ్ల్యూలో (ఫైర్‌వాల్) 8080 మూసేశా, 80, 443 మాత్రమే తెరిచా.

#22 శిరీష_ఆప్స్
మూసుకోలేదు! డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను పట్టించుకోవు, డాకర్ ఐపీటేబుల్స్‌లో తన దారి తనే వేసుకుంటుంది. మీ ఫోన్ డేటాలో ఐపీ అడ్రస్ పక్కన 8080 కొట్టి చూడండి, తెరుచుకుంటుంది. 127.0.0.1:8080:8080 అని రాయండి. అప్పుడు అదే మెషీన్లో ఉన్న క్యాడీకి తప్ప బయటివాళ్లకు కనిపించదు.

ఇంకా అచ్చు కాని ముసాయిదా కాబట్టి రిక్వైర్_లాగిన్ = 1, రిజిస్ట్రేషన్_ఓపెన్ = 0 పెట్టి, మీరే ఆహ్వానాలు పంపండి. ఆహ్వానాలు మెయిల్‌లో వెళ్తాయి. చాలా వీపీఎస్‌లలో 25 పోర్టు మూసే ఉంటుంది, 587 వాడే మెయిల్ సర్వీసు చూసుకోండి.

#23 మోడరేటర్
సాంకేతిక చర్చ బాగా నడుస్తోంది, ఒక్క చట్టం సంగతి చెప్పి పోతా. మన దేశంలో అనువాదకుడికి తన అనువాదం మీద కాపీరైటు ఉంటుంది, ఆయన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. పోల్చడానికి పాత తెలుగు తర్జుమాలు పక్కన ఎక్కించేముందు ఇది చూసుకోండి. 1951లో పోయిన చిలుకూరి నారాయణరావు గారి అనువాదం లాంటివి గడువు దాటాయి. ఈమధ్యవాటికి ప్రచురణకర్త రాతపూర్వక అనుమతి కావాలి.

రేపు మీ పుస్తకం అచ్చయ్యాక ‘ఈ వాక్యం నేను సూచించిందే’ అని ఎవరైనా రావచ్చు. కాంపొనెంట్ సెట్టింగుల్లో కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ అనే గడి ఉంది. అందులో తెలుగులోనే నాలుగు వాక్యాలు రాయండి. దానికి ఒప్పుకుంటేనే సూచన పెట్టనిస్తుంది.

#24 రఫీ_కర్నూలు
పోర్టు మార్చా. మేడమ్ చెప్పినట్టే ఫోన్‌లో తెరుచుకుంది, ఇప్పుడు రావడం లేదు. లాగిన్ కూడా అవుతోంది. మొదటి విడతగా 30వ పారా ఒక్కటే తెరిచి, పదిహేను మందిని పిలిచాం.

వెంటనే వచ్చిన ఫిర్యాదు: ‘అరబీ వేరేగా ఉంది’. మనవాళ్లు చదివేది ఇండోపాక్ రాత, తెరమీద ఉన్నది మదీనా ముస్హఫ్ రాత. గుర్తులు కొన్ని తేడా.

#25 జాకిర్_డల్లాస్
ప్రతిచోటా వచ్చే ఫిర్యాదే. దానికోసం టెక్స్ట్ మార్చొద్దు, హ్యాష్ పోతుంది. రాత పద్ధతి తేడా ఫాంటుతో పూర్తిగా పోదు. మీరు మొదటి పేజీలో రెండు వాక్యాల ప్రకటన పెట్టి, అరబీ పారాయణకు తమ ముస్హఫే చూసుకోమనండి. అక్షరం పెద్దగా కనిపించేలా అడ్మిన్ అప్పియరెన్స్‌లో కస్టమ్ సీఎస్‌ఎస్ ఇవ్వండి. సగం ఫిర్యాదులు చిన్న అక్షరం వల్లే, పెద్దవాళ్లు కదా.

#26 ఉమ_యూనికోడ్
బ్యాకప్ గురించి ఎవరూ అనలేదు. వెబ్లేట్‌లో బోర్గ్ బ్యాకప్ లోపలే ఉంది, వేరే మెషీన్‌కు పంపేలా పెట్టండి. దాని పాస్‌ఫ్రేజ్ కాగితం మీద రాసి మసీదు బీరువాలోనో ఎక్కడో పెట్టండి. సర్వరుతోపాటు అదీ పోతే బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ మేజర్ నంబరు ఊరికే పెంచొద్దు. పాత డేటా ఫైళ్లతో కొత్త వెర్షన్ లేవదు, డంప్ తీసి తిరిగి ఎక్కించాలి.

#27 రఫీ_కర్నూలు
బోర్గ్ పెట్టా. ఒకసారి ఖాళీ మెషీన్ మీద తిరిగి ఎక్కించి చూసి, ఆ తర్వాతే 29వ పారా తెరుస్తాం.

తాజ్ భాయ్, అమ్మ పారా లింకు మీ ఇన్‌బాక్స్‌లో పెట్టా.

#28 తాజ్_పాలమూరు
వచ్చింది. నబా సూరల రెండు సూచనలు పెట్టిన, చూడున్రి.